ఇంజిన్ విప్పే ముందు గేజి పెట్టండి

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే బండ్లలో చాలావాటికి జబ్బు పేరు ముందే ఖాయమైపోయి ఉంటుంది. "ఇంజిన్ బోరుకొచ్చిందంటున్నారండీ, దించాలంటున్నారు" అని ఓనరు దిగాలుగా చెబుతాడు. ఏం పెట్టి చూశారని అడిగితే, సైలెన్సర్ దగ్గర పొగ చూశారనో, ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టి చూశారనో అంటాడు. అవి చూడటంలో తప్పు లేదు, నేనూ మొదట అవే చూస్తాను. కానీ అంతమాత్రానికే ఇంజిన్ దించడానికి ఒప్పుకోవడం నాకు మింగుడుపడదు. ఇంజిన్ విప్పాక బ్లాకు బోరింగ్‌కి లేతు షాపుకి వెళ్తుంది. ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్‌కెట్ సెట్టు, కూలీ, అన్నీ కలిపితే చిన్న కారుకైనా ఓ ఇంట్లో నెలల జీతం కరిగిపోతుంది. గంట, గంటన్నరలో తేలే కొలత ఒకటి ఉండగా, అది లేకుండా ఎవరూ ఆ ఖర్చుకి తలూపకూడదు. ఆ కొలతని ఇంటి ముందు చెట్టు నీడన కూడా తియ్యొచ్చు.

కొలిచేది కంప్రెషన్‌ని. పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలినీ పెట్రోలునీ పీల్చుకుంటుంది, పైకి వచ్చేటప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉండగా నొక్కుతుంది. మారుతి 800లో, ఓమ్నిలో ఉండే పాత 796 సీసీ ఇంజిన్ ఆ గాలిని దాదాపు తొమ్మిదో వంతుకి నొక్కుతుంది. ఆ ఒత్తిడిని మూడే కాపాడుతాయి: కింద రింగులు, పైన వాల్వులు, మధ్యలో హెడ్డు గ్యాస్‌కెట్. మూడింటిలో ఏది లీకైనా పికప్ పడిపోతుంది, బండి మిస్సింగ్ కొడుతుంది. అయితే రింగులు పోతే ఇంజిన్ మొత్తం విప్పాలి, వాల్వు పోతే హెడ్డు ఒక్కటే దించితే చాలు. రెండు పనులకీ మధ్య ఖర్చులో చాలా దూరం ఉంది. ఓనరుకి తెలియాల్సింది మొదట ఈ తేడా.

గేజి వెయ్యి, రెండు వేల రూపాయల మధ్యలో దొరుకుతుంది. రబ్బరు ముక్కుతో చేత్తో అదిమి పట్టుకునే రకం కొనకండి. సెల్ఫ్ కొట్టగానే ఎంతో కొంత గాలి పక్కల నుంచి పోతుంది, అంకె తక్కువ చూపిస్తుంది. ప్లగ్గు మరలోకి బిగించే గొట్టం ఉన్నదే కొనండి. మన దగ్గర చాలా కార్లకి 14 మిల్లీమీటర్ల మర సరిపోతుంది, కొన్ని కొత్త ఇంజిన్లకి 12 మిల్లీమీటర్లది కావాలి. గొట్టం చివర సన్నని రబ్బరు రింగు ఉంటుంది, అది ఊడిపోయిందేమో చూసుకోండి. ఇంకొకటుంది. ఆ గొట్టం కొసన ఓ చిన్న వాల్వు పిన్ను ఉంటుంది. చూడటానికి అచ్చం టైరు ట్యూబు పిన్నులాగే ఉంటుంది గానీ, దాని స్ప్రింగు చాలా మెత్తన. పోయినప్పుడు పంక్చర్ షాపులో దొరికే పిన్ను పెట్టేస్తుంటారు. గట్టి స్ప్రింగు తెరుచుకోవడానికే కొంత ఒత్తిడి తినేస్తుంది, అన్ని సిలిండర్లూ నీరసంగా కనిపిస్తాయి. గేజి పిన్నే అడిగి తెచ్చుకోవాలి.

బ్యాటరీ నిండుగా ఉండాలి. ఇంజిన్ నీరసంగా తిరిగితే అంకె పడిపోతుంది, ఆ నెపం ఇంజిన్ మీదికి పోతుంది. బండిని పది, పదిహేను నిమిషాలు తిప్పి వేడి చేసి ఆపండి. వేడికి రింగులూ వాల్వులూ నడిచేటప్పుడు ఉండే కొలతకి వస్తాయి. ప్లగ్గులు మాత్రం మరీ సలసలా ఉన్నప్పుడు పీకకూడదు. అల్యూమినియం హెడ్డు వేడి మీద ఉండగా బలం పెడితే మర ఊడి వస్తుంది, దాన్ని బాగు చేయించడం పెద్ద తలనొప్పి. చెయ్యి ఆనించగలిగేంత చల్లారనిస్తే సరిపోతుంది. ప్లగ్గు గుంటల్లో దుమ్ము, ఇసుక ఉంటాయి, వాటిని ముందు గాలితో ఊదెయ్యాలి. లేకపోతే ప్లగ్గు తియ్యగానే అవి సిలిండర్లో పడతాయి. ప్లగ్గులన్నీ తీసి, ఏది ఏ సిలిండరుదో వరసగా ఓ అట్టముక్క మీద పేర్చండి. వాటి మూతులు కూడా ఓ మాట చెబుతాయి. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ వస్తోంది, లేత గోధుమరంగులో ఉంటే ఆ సిలిండరు బాగానే మండుతోంది.

ప్లగ్గులు తియ్యకముందే నిప్పురవ్వనీ పెట్రోలునీ ఆపాలి. కార్బురేటర్ బండికైతే కాయిల్‌కి వచ్చే చిన్న వైరు ఊడదీస్తే చాలు. ఇంజెక్షన్ బండికి పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, లైన్లో మిగిలింది అయిపోయేదాకా ఇంజిన్‌ని నడిపి, ఆపై కాయిల్ కనెక్టర్లు విప్పాలి. గ్యాస్ కిట్టు ఉంటే గ్యాస్ సిలిండరు దగ్గరే వాల్వు కట్టెయ్యాలి. ఇది మరిచిపోతే తెరిచిన ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, అక్కడ ఒక్క నిప్పురవ్వ పడినా ప్రమాదమే. బీడీలు, పూజ దీపాలు, పిల్లలు, అన్నీ దూరంగా ఉండాలి. గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి రాళ్లు పెట్టుకోండి.

గేజి మొదటి సిలిండరుకి బిగించి, ఇంట్లో ఒకర్ని లోపల కూర్చోబెట్టి ఎక్సలేటర్ అడుగుదాకా తొక్కమనండి. పాదం సగమే నొక్కితే గాలి సరిగా రాదు, అంకె తప్పవుతుంది. గేజి ముల్లు ఐదారు సార్లు ఎగిరేదాకా సెల్ఫ్ కొట్టించండి. చివరి అంకె అందరూ రాసుకుంటారు. మీరు మొదటి దెబ్బకి ముల్లు ఎంత ఎగిరిందో కూడా చూడండి. ఆరోగ్యంగా ఉన్న సిలిండరు మొదటి దెబ్బకే సగం దాటి ఎగిరి, రెండు మూడు దెబ్బల్లో పైకి చేరి నిలబడుతుంది. రింగులు అరిగినది మొదట తక్కువగా లేచి, దెబ్బదెబ్బకీ కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది. వాల్వు లీకైతే మొదటి దెబ్బే తక్కువ, ఆ తర్వాత కూడా పెద్దగా ఎక్కదు. చివరి అంకె ఒక్కటే రాసుకున్నవాడికి ఈ నడక కనబడదు, నా వరకు సగం సమాచారం ఇందులోనే ఉంది.

కంకిపాడు వైపు పాలకేంద్రం నడిపే ఒకాయన ఓమ్ని ఈ పని మీదే చూశాను. పాత కార్బురేటర్ బండి, గ్యాస్ కిట్టు ఉంది. ఓ మెకానిక్ పొగ చూసి ఇంజిన్ దించాలన్నాడట. పొద్దున్నే పాలు పోసుకుని తిరగాల్సిన బండి, వారం పది రోజులు షెడ్డులో పెడితే ఆయన వ్యాపారం ఆగిపోతుంది. అందుకని నేనే వాళ్లింటికి వెళ్లాను. ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తి, కింద రేకు మూత తీస్తే ఇంజిన్ మన మోకాళ్ల దగ్గరే. లోపల పాల వాసన, ఆయిల్ వాసన కలిసిపోయి ఉన్నాయి.

గేజి పెట్టకముందే ఒక పని చేశాను. కాయిల్ వైరు ఊడదీసి, ప్లగ్గులు అలాగే ఉంచి, ఆయన్ని సెల్ఫ్ కొట్టమన్నాను. మూడు సిలిండర్లూ బాగుంటే సెల్ఫ్ మోటారు గర్రు గర్రు గర్రుమని ఒకే బరువుతో తిరుగుతుంది. ఇక్కడ రెండు సార్లు బరువుగా, మూడోసారి తేలిగ్గా జారిపోతోంది. రెండు అడుగులు నిండుగా వేసి మూడో అడుగు తడబడే మనిషి నడకలా ఉంది ఆ చప్పుడు. ఏ సాధనం లేకుండా చెవితోనే తెలిసిపోయే పరీక్ష ఇది, ఎవరైనా నేర్చుకోవచ్చు.

"మేస్త్రి గారూ, విప్పకుండా చెప్పగలరా?" అన్నాడు ఆయన.

"చూద్దాం బాబాయ్ గారూ. ముందు అంకెలు రానివ్వండి" అన్నాను.

గేజిలో మొదటి సిలిండరు 160, రెండోది 155, మూడోది 100. పీఎస్ఐ లెక్కలో ఇవి. ఆటోనగర్లో ఎవరూ పీఎస్ఐ అనరు, నూట అరవై, వంద అంటే అందరికీ అర్థమవుతుంది. పెట్రోలు కార్లలో చాలావాటికి 150 నుంచి 200 మధ్య ఉంటే బాగున్నట్టు. అంకె ఎంతుందనే దానికంటే, పక్క సిలిండరుతో తేడా ఎంతుందనేది నేను ఎక్కువ పట్టించుకుంటాను. మారుతి సర్వీసు పుస్తకాలు రెండు సిలిండర్ల మధ్య తేడా కేజీ దాటకూడదంటాయి, అంటే సుమారు 14 పీఎస్ఐ. బాగా తిరిగిన బండికి నేను ఇంకొంచెం వదిలేస్తాను. 160కీ 100కీ మధ్య తేడాకి మాత్రం సాకు చెప్పడానికి లేదు.

ఇక కావాల్సింది ఆ వంద ఎందుకు వచ్చిందో. మూడో సిలిండరు ప్లగ్గు రంధ్రంలో ఓ టీస్పూను ఇంజిన్ ఆయిల్ పోసి, గేజి లేకుండా రెండు మూడు సార్లు ఇంజిన్ తిప్పి, మళ్లీ కొలిచాను. దీన్నే తడి పరీక్ష అంటాం. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందులు మూసేస్తుంది. రింగులే లీకైతే అంకె గబుక్కున ముప్పై నలభై పెరుగుతుంది. ఇక్కడ 105 దగ్గర ఆగిపోయింది. రింగులు బాగున్నాయి. ఆయన మొహంలోకి రంగు వచ్చింది, "అంటే దించక్కర్లేదా?" అన్నాడు. ఇంకో పరీక్ష ఉందన్నాను.

ప్లగ్గులు బిగించి, వైరు తగిలించి, బండి స్టార్ట్ చేసి, పాత పంచాంగంలోంచి చింపిన పలచని కాగితం ముక్క ఒకటి సైలెన్సర్ మూతికి రెండంగుళాల దూరంలో వేళ్లతో వేలాడదీశాను. మంచి ఇంజిన్‌కి ఆ కాగితం ఆగకుండా బయటికే కొట్టుకుంటుంది. ఇక్కడ ఉండుండి ఒక్కో క్షణం వెనక్కి, సైలెన్సర్ లోపలికి లాక్కుంటోంది. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోనప్పుడు, పిస్టన్ దిగేటప్పుడు సైలెన్సర్ వైపు నుంచి కూడా గాలి పీల్చుకుంటుంది. ఆయన్ని కూడా వంగి చూడమన్నాను. నా మాట మీద ఆధారపడకుండా తన కళ్లతో తను చూసుకోవడం నాకు ముఖ్యం.

మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వు కవరు తీశాను. మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర ఫీలర్ గేజి రేకు అసలు దూరలేదు. గ్యాస్ మీద తిరిగే పాత బండ్లలో ఇది తరచుగా చూస్తాం. గ్యాస్ పొడిగా మండుతుంది, వాల్వు కూర్చునే సీటు మెల్లగా అరిగి, వాల్వు హెడ్డులోకి లోతుగా దిగుతుంది. దాంతో దాని కాడ పైకి జరిగి, రాకర్‌కీ దానికీ మధ్య ఉండాల్సిన సందు పోతుంది. సందు లేకపోతే వాల్వు గట్టిగా మూసుకోదు. మూసుకోని అంచు మీదుగా మంట వేడి పోతూ పోతూ అంచునే కాల్చేస్తుంది. సందు సరిచేసి, బండి వేడి చేసి కొలిస్తే 135 వచ్చింది. అంటే అంచు అప్పటికే కొంత కాలింది. హెడ్డు ఒక్కటే దించి, ఆ వాల్వు మార్చి, సీటు రుద్ది కూర్చోబెట్టాను. ఆ పనంతా అయ్యాక మూడు సిలిండర్లూ ఒకదానికొకటి పది లోపు తేడాతో నిలిచాయి. బ్లాకు జోలికి పోలేదు, బోరింగ్ అవసరం రాలేదు. గ్యాస్ మీద తిరుగుతున్నంత కాలం వాల్వు సందులు మామూలు కంటే తరచుగా చూపించుకోమని చెప్పాను, చూపించుకుంటున్నాడు.

అన్ని అంకెలూ ఇంత సూటిగా దారి చూపవు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు మాత్రమే పడిపోతే రింగుల కంటే ముందు రెండింటి మధ్య హెడ్డు గ్యాస్‌కెట్‌ని అనుమానించాలి. రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయా, బుడగలు వస్తున్నాయా చూడాలి, అదీ చల్లారాకే మూత తియ్యాలి. నాలుగు సిలిండర్ల బండిలో నాలుగూ ఒకే రకంగా తక్కువ చూపిస్తే, నాలుగు జతల రింగులు ఒకే రోజున పోవుగా! బ్యాటరీ, గేజి, ఎక్సలేటర్ పాదం ముందు సరిచూసుకుని, తర్వాత టైమింగ్ బెల్టు ఓ పన్ను జరిగిందేమో చూడాలి. ఉండాల్సిన దానికంటే ఎక్కువ చూపిస్తే సంతోషించకండి, లోపల మసి గడ్డకట్టి చోటు తగ్గించి ఉంటుంది.

పొగ గురించి కూడా ఒక మాట. రాత్రంతా నిలిపిన బండి పొద్దున సెల్ఫ్ కొట్టగానే నీలం పొగ బుస్సుమని వదిలి, రెండు నిమిషాల్లో శుభ్రంగా నడుస్తుంటే, అది తొంభై శాతం వాల్వు సీళ్ల పని. చిన్న రబ్బరు సీళ్లు ఎండిపోయి, రాత్రి ఆయిల్ బొట్లుబొట్లుగా కిందికి దిగుతుంది. ఆ బండికి గేజి పెడితే అన్ని సిలిండర్లూ నిక్షేపంగా ఉంటాయి. ఆ నీలం పొగ చూసి ఇంజిన్లు దింపించుకున్నవాళ్లని నేను చూశాను, చాలా బాధేసింది. అలాగే ఆయిల్ మూత దగ్గర పొగ, మేం బ్యాక్ కంప్రెషన్ అంటాం, అది కూడా రింగుల వల్లే అని తేల్చెయ్యకూడదు. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న పీసీవీ వాల్వు జిడ్డు పట్టి మూసుకుపోతే, ఆవిరికి వేరే దారి లేక ఆయిల్ మూత, డిప్‌స్టిక్ దగ్గర్నుంచి తోసుకొస్తుంది. దాన్ని తీసి కడిగితే కొన్నిసార్లు ఆయిల్ తాగడం కూడా తగ్గుతుంది.

ఊరిని బట్టి కూడా అంకె మారుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచనవుతుంది. విజయవాడలో 170 చూపించిన ఇంజిన్, హైదరాబాద్‌లో ఏ లోపం లేకుండానే 160 దగ్గర చూపిస్తుంది. అరకులో అయితే పదో వంతు తగ్గుతుంది. హైదరాబాద్ నుంచి కారు కొని తెచ్చుకున్నవాళ్లు అక్కడి అంకెనీ ఇక్కడి అంకెనీ పక్కన పెట్టుకుని కంగారుపడుతుంటారు. ఏ ఊళ్లో తీశారో పక్కన రాసుకుంటే ఆ కంగారు ఉండదు. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లకి ఈ పరీక్ష చేయించమని నేను గట్టిగా చెబుతాను. అమ్మేవాడు ప్లగ్గులు తియ్యనివ్వనంటే బేరం అక్కడే వదిలెయ్యండి.

ఇంకో పరీక్ష ఉంది, లీక్‌డౌన్ అంటాం. పిస్టన్‌ని పైకి తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపి, ఎంత శాతం తప్పించుకుపోతోందో, ఎటు పోతోందో వినాలి. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు వినబడితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్లో బుడగలైతే గ్యాస్‌కెట్. చాలా గొప్ప పరీక్ష. కానీ గాలి ఒత్తిడికి పిస్టన్ కిందికి తన్నుకుని ఇంజిన్ ఒక్కసారిగా తిరగొచ్చు. క్రాంక్ బోల్టు మీద స్పానరు వదిలేసి ఉంటే అది గిర్రున తిరిగి చెయ్యి విరిచేస్తుంది. దీన్ని షెడ్డులోనే చేయించుకోండి.

డీజిల్ బండి ఓనర్లు కూడా ఈ పని ఇంట్లో చేసుకోవచ్చా అని అడుగుతుంటారు. వద్దు. డీజిల్ కంప్రెషన్ పెట్రోలు బండి కంటే చాలా ఎక్కువ ఉంటుంది, పెట్రోలు గేజి తట్టుకోదు. తడి పరీక్ష కోసం ఆయిల్ పోస్తే ఆ ఒత్తిడికి ఆయిలే మండే ప్రమాదం ఉంది. కామన్‌రైల్ బండ్లలో ఇంజెక్టర్ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చుక్క చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. వాటి పని తెలిసినవాడికే వదలండి.

కొలవడం అయ్యాక ప్లగ్గుల్ని మొదట చేత్తోనే తిప్పి ఎక్కించండి. మూడు నాలుగు చుట్లు చేత్తో సాఫీగా ఎక్కితే మర సరిగ్గా పట్టినట్టు. మొదటి చుట్టులోనే బిగుసుకుంటే వెనక్కి తీసి మళ్లీ పెట్టండి, రెంచితో బలవంతం చెయ్యకండి. 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి టార్కు రెంచి ఉంటే 25 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. తడి పరీక్ష చేసిన సిలిండరు స్టార్ట్ చెయ్యగానే కాసేపు పొగ వదులుతుంది, పోసిన ఆయిల్ మండిపోతే ఆగిపోతుంది. అంకెల్ని సిలిండరు వారీగా, తేదీ, ఓడోమీటరు, ఊరు, ఇంజిన్ వేడో చల్లో అన్నీ కలిపి ఆర్‌సీ పెట్టుకునే కవరులోనే ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం ఆయన చేతికిచ్చి, విప్పే ముందు తన గేజితో ఇంకోసారి కొలిచి మీకు చూపించమని అడగండి.